లైను మీద ఉన్నవాళ్ళు

మా న్యూ లింగెన్‌లో పక్కింటి కిటికీలోంచి లోపలికి తొంగిచూడటం తప్పు. ఒకరికి వచ్చిన ఉత్తరం ఇంకొకరు విప్పడం పాపం. ఒకరి ఫోను ఇంకొకరు వినడం మాత్రం తప్పూ కాదు, పాపమూ కాదు. పాస్టరుగారు ప్రసంగంలో సారా గురించీ పేకాట గురించీ ఎన్నిసార్లు తిట్టినా ఈ ఊసు ఎత్తేవారు కాదు. వాళ్ళావిడ కూడా వినేది మరి.

ఫోను వచ్చిన కొత్తలో రైతులందరూ కలిసి సొంతంగా స్తంభాలు పాతుకుని, తీగ లాక్కుని, కంపెనీ కూడా తామే పెట్టుకున్నారు. వాగుకు ఉత్తరాన ఉన్న ఇళ్ళన్నిటికీ ఒకటే తీగ. ఎవరికి ఫోను వచ్చినా అందరి గోడల మీదా గంట మోగుతుంది. పొడుగు గంటలూ పొట్టి గంటలూ కలిపి ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. తన గుర్తు కాకపోతే ఎత్తకూడదు. ఆ నియమం పెట్టిన పెద్దమనిషి ఇంట్లోనూ ఎత్తేవారు. అందులోనూ చలికాలం వస్తే పొలం పని ఉండదు, రోడ్లు మంచులో కూరుకుపోతాయి, ఆదివారం చర్చికి తప్ప ఆడవాళ్ళకి గడప దాటే వీలుండదు. గంట మోగడం ఆలస్యం, పిండి చేతులు తుడుచుకుని రిసీవరు చెవికి ఆనించడమే. గోడలకు చెవులుంటాయని ఊరికే అన్నారా.

వింటున్నది ఎవరో మాట్లాడేవాళ్ళకీ తెలుసు. ఎవరి వంటింట్లో ఏ గడియారం కొడుతుందో, ఎవరి పిల్లాడి ఏడుపు ఎలా ఉంటుందో తెలియనిదెవరికి? "ఏమే ట్రీంటియా, వింటున్నావుగా, ఈస్టు ఉంటే కాస్త పంపవే" అని మాట మధ్యలో అడిగేసి మళ్ళీ తమ కబుర్లలో పడేవాళ్ళు కూడా ఉండేవారు. ట్రీంటియా ఈస్టు పంపేది.

ఇందులో ఒక చిక్కుంది. అదీ అందరికీ తెలిసిందే. ఎంతమంది రిసీవరు ఎత్తితే తీగలో మాట అంత పల్చబడుతుంది. ఒకరిద్దరైతే ఫరవాలేదు. లైను మీద ఉన్నవాళ్ళందరూ ఎత్తారా, మాట్లాడే మనిషి గొంతు బావి అడుగునుంచి వచ్చినట్టుంటుంది. అప్పుడు ఎక్స్ఛేంజి నుంచి మర్టిల్ కోబ్ "పెట్టేయండమ్మా, కాస్త పెట్టేయండి" అని బతిమాలేది. కొందరు పెట్టేసేవారు.

మర్టిల్ మా మనిషి కాదు. మాది తాతల నాడు ఉత్తర సముద్రం ఒడ్డునుంచి అమెరికా వచ్చిన జనం. అయోవా నల్లమట్టిలో మొక్కజొన్న పండించుకుంటూ, ఇళ్ళలో మా పాత భాషే మాట్లాడుకుంటూ, కాఫీ తాగే దేశంలో టీ తాగుతూ బతుకుతున్నాం. మర్టిల్ భర్త రైలు స్టేషనులో పనిచేయడానికి ఎక్కడినుంచో వచ్చి, ఇక్కడే పోయాడు. ఆమెకు మా భాష రాదు, మా చర్చికి రాదు. ఎక్స్ఛేంజి కోసం కంపెనీ కొన్న చిన్న ఇంట్లో, ముందుగదిలో ఫోన్ల బోర్డు ముందు ఆమె, వెనకగదిలో మంచం పట్టిన తల్లి. ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె సెంట్రల్.

జనవరి చివర పెద్ద మంచు కురిసిన మర్నాడు పొద్దున ఒక పొడుగు గంట మోగింది. ఒకటే పొడుగు గంట అంటే లైను మీద ఎవరో సెంట్రల్‌ని పిలుస్తున్నారన్నమాట. ఏ ఇంటినుంచో సెంట్రల్‌కి కూడా తెలియదు. మా తీగకంతటికీ ఆమె బోర్డు మీద ఒకటే గుర్తు. ఎవరన్నది నోటితో చెప్పాల్సిందే.

ఆల్వీనా టీటెన్ అప్పుడు రొట్టెల పిండి పిసుకుతోంది. ఆల్వీనా మంచి మనిషి. ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా సూప్ గిన్నెతో మొదట గుమ్మమెక్కేది ఆమే. ఆ గంట వినగానే అందరిలాగే ఆమె కూడా రిసీవరు ఎత్తింది. ముందు ఊళ్ళో వాళ్ళందరి ఊపిరీ వినబడింది. ఆ వెనక ఎక్కడో ఒక మగ గొంతు అరుస్తోంది.

"ఎవరు? ఎవరింటినుంచి?" అంటోంది మర్టిల్. "నాకు వినబడటంలేదు. తక్కినవాళ్ళు పెట్టేయండి. దయచేసి పెట్టేయండి."

ఆల్వీనా పెట్టలేదు. ఇంతమంది వింటుంటే తన ఒక్కదానివల్ల ఏం ఒరుగుతుందనుకుంది. ఎవరికేమైందో తెలియకుండా పెట్టేస్తే సాయానికి ఎక్కడికని వెళ్ళడం అని కూడా అనుకుంది. లైను మీద ఉన్న ప్రతి మనిషీ అదే అనుకుని ఉంటారు.

ఇంతలో ఆ గొంతు ఎవరిదో పోల్చుకుంది. బ్రన్స్ వాళ్ళ ఎన్నోది. తన భర్త హార్మ్‌కి పిన్ని కొడుకు. పొలం దాటితే వాళ్ళిల్లే. "గేషెకి రక్తం ఆగట్లేదు. డాక్టర్ని పిలవండి. సెంట్రల్, ఉన్నావా? సెంట్రల్" అంటున్నాడు. గేషె అతని భార్య, నిండు నెలలు. ఆల్వీనా చేతిలోది వదిలేసి, శాలువా లాక్కుని, తొడల లోతు మంచులో పడుతూ లేస్తూ పొలానికి అడ్డంబడి వెళ్ళింది.

వెళ్ళేసరికి పిల్ల పుట్టేసి ఉంది. ఎన్నో ఇంకా ఫోను పెట్టెలోకి అరుస్తూనే ఉన్నాడు.

"ఎంతసేపు అరుస్తావయ్యా, బండి కట్టు" అంది ఆల్వీనా.

"సెంట్రల్ పలకట్లేదు వదినా."

"కట్టమన్నానా."

అతను మంచు బండికి గుర్రాలు కట్టుకుని టౌనుకు వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చేసరికి పొద్దు వాలుతోంది. గేషె అప్పటికే వెళ్ళిపోయింది. పిల్ల దక్కింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, ఇంకాస్త ముందు కబురంది ఉంటేనా అని ఆగాడు. ఆ మాట ఆగిన చోటినుంచి మొదలైంది ఆల్వీనాకి బాధ.

గేషెకి స్నానం చేయించి, జుట్టు దువ్వి, మంచి గౌను తొడిగి, ఆమె మర్నాడు ఇల్లు చేరింది. హార్మ్ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. గోడ మీది ఫోనుకేసి చూపించాడు.

"వదిలేసి వెళ్ళిపోయావు. రిసీవరు కిందికి వేలాడుతోంది. నేను పశువుల పాకలోంచి వచ్చి చూసి పెట్టాను."

"ఎప్పుడొచ్చావు పాకలోంచి?"

"అది అడక్కు" అన్నాడు హార్మ్. "ఎవరితోనూ అనకు."

చావింటికి మా ఊరు వచ్చినట్టు ఏ ఊరూ రాదు. చర్చి కింది హాల్లో హాము, బన్నులు, బంగాళాదుంపల సలాడు, ఎండుద్రాక్ష అద్దిన కేకు బల్లలు పట్టనన్ని చేరాయి. ఆ తర్వాత కూడా ఎన్నో ఇంట్లో పొయ్యి వెలిగించే పని పడలేదు. ఒకరు వచ్చి ఆవులు పితికారు, ఒకరు కట్టెలు కొట్టారు, ఒకరు గుడ్డలుతికారు. ట్రీంటియాకి, అంటే ఆల్వీనా తోటికోడలికి, చంటిపిల్లాడు ఉన్నాడు. ఎన్నో వాళ్ళ పిల్లని కూడా తన రొమ్ముకే వేసుకుంది. ఊరు ఊరంతా అంత మంచిగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఎందుకంత మంచితనం పొంగుతోందో అందరికీ తెలుసు, ఒక్కరూ పైకి అనరు.

పైకి అన్నది వేరే మాట. "సెంట్రల్ పలకలేదట." ఎన్నో బ్రన్స్ అన్నది అంతే, తనకు వినబడలేదని. అదీ అబద్ధం కాదు. ఆ మాట ఇంటింటికీ తిరిగి బలిసింది. నిద్రపోయిందట. తల్లికి మంచం మార్చడానికి వెళ్ళిందట. బోర్డు ముందు కూర్చుని పత్రికలో కథలు చదువుకుంటోందట. రెండు ఆదివారాలు తిరిగేసరికి, కంపెనీ వార్షిక సమావేశంలో ఆమెను తీసేసి ఇంకొకర్ని పెట్టాలని హిన్రిక్ ఐలర్స్, తక్కిన పెద్దలూ నిశ్చయించేశారు. పని పోతే ఇల్లూ పోతుంది. ఫిబ్రవరి చలిలో మంచాన పడ్డ ముసలమ్మని ఎక్కడికి మోసుకుపోతుందో ఎవరూ ఆలోచించలేదు. అత్త మీది కోపం దుత్త మీద తీర్చేవాళ్ళకి దుత్త గోడు పట్టదు.

ఆల్వీనా మాత్రం అదే ఆలోచిస్తోంది. తిండి సయించేది కాదు. గేషె మొహం కళ్ళ ముందుకు వచ్చినప్పుడు ఏడుపొచ్చేది గాని, మర్టిల్ గొంతు గుర్తొచ్చినప్పుడు ఏడుపు కూడా వచ్చేది కాదు, సిగ్గుతో ఒళ్ళు మండేది. ఇది నా పని, నేను చేసిన పని అని తనలో తనే అనుకుని, ఒక మధ్యాహ్నం పొలం దాటి ఎన్నో ఇంటికి వెళ్ళింది.

ఎన్నో టీ కాచాడు. కప్పులో కలకండ వేసి, టీ పోసి, పైన మీగడ వదిలి ఆమె ముందు పెట్టాడు. గేషె ఉన్నప్పటి కప్పులే.

"ఎన్నో, నీకొక సంగతి చెప్పాలి."

"చల్లారిపోద్ది, తాగు వదినా."

"సెంట్రల్ పలికింది. నా చెవుల్తో విన్నాను. పెట్టేయండి పెట్టేయండి అని బతిమాలింది. నేను పెట్టలా."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నువ్వు ఉన్నావని. మీ ఇంటి గడియారం కొట్టింది. ట్రీంటియా పిల్లాడు ఏడ్చాడు. హిన్రిక్ వాళ్ళ ముసలాయన దగ్గుతూనే ఉన్నాడు. అందరూ ఉన్నారు. ఎవరో ఒకరు పెడతారు, అప్పుడు వినబడుద్దిలే అని అరుస్తా ఉన్నా."

ఆల్వీనా కప్పు బల్ల మీద పెట్టేసింది. "వెళ్తా వెళ్తా రిసీవరు కూడా పెట్టలా. వేలాడేసి వచ్చా. నువ్వు బండి కట్టేదాకా నా వల్ల కూడా ఆ లైను అట్టాగే ఉంది."

అది మాత్రం ఎన్నోకి తెలియదు.

"మరి ఆవిడ పలకలేదని ఎందుకంటున్నావయ్యా?" అంది ఆల్వీనా.

"నాకు వినబళ్ళేదు. అన్నది అంతే."

"జనం ఇంకేదో అంటుంటే ఊరుకుంటున్నావుగా."

"మరెవర్ని అనమంటావు? ట్రీంటియానా? నా పిల్లకి పాలిస్తోంది. హిన్రిక్‌నా? ఆయన మిషను రాకపోతే నా ఓట్స్ నూర్చేదెవరు? హార్మ్ అన్ననా? నిన్నా? గేషెకి జుట్టు దువ్వింది నువ్వు." అతని గొంతు పెరగలేదు. "నేనీ ఊళ్ళో బతకాలి వదినా. మీ అందరి చేతి కూడే తింటున్నా. ఆవిడ మీద కోపం పెట్టుకుంటే నాకేం పోదు. ఆవిడ పోతే ఇంకోళ్ళు వస్తారు."

"తల్లి మంచంలో ఉంది. ఎక్కడికి పోద్దయ్యా?"

"నాకు తెలీదు." తర్వాత తల వంచుకుని అడిగాడు. "చెప్పకు. నాకు తెలుసన్న సంగతి ఇప్పుడు మనిద్దరికే తెలుసు. అది నేను దిగమింగుకోగలను. నువ్వు నలుగుర్లో చెప్పావంటే, నాకు తెలుసని వాళ్ళకి తెలుస్తుంది. ఆ తర్వాత నేనెవరి మొహం చూడను? ఎవరింట్లో కూర్చోను?"

ఆమె చెప్పనని అనలేదు, చెబుతానని అనలేదు. ఊయలలో పిల్లని ఒకసారి చూసి వచ్చేసింది. పాపం ఒప్పుకుంటే బరువు తగ్గుతుందంటారు. ఆల్వీనా వెళ్ళినప్పటికంటే ఎక్కువ బరువుతో ఇల్లు చేరింది. నోరు విప్పితే ఎన్నోని ముంచాలి, మూసుకుంటే మర్టిల్‌ని ముంచాలి.

సమావేశం ఎప్పటిలాగే చర్చి కింది హాల్లో జరిగింది. నూర్పిడి మిషను ఉన్నవాడు, అందరికంటే గొంతు పెద్దది కాబట్టి హిన్రిక్ ఐలర్స్ అధ్యక్షుడు. మర్టిల్ ఉన్న ఒక్క మంచి కోటూ వేసుకుని వచ్చింది. ఆమె కోసం అందరూ ఇంగ్లీషులో మాట్లాడారు. మా మర్యాదకేం లోటు లేదు.

"మిసెస్ కోబ్, ఆరోజు ఎన్నో పిలిస్తే మీరెందుకు పలకలేదు?" అన్నాడు హిన్రిక్.

"పలికాను. ఎవరని అడుగుతూనే ఉన్నాను. రిసీవర్లు పెట్టమన్నాను. మీరు విన్నారు గదా."

"మేమెలా వింటామమ్మా? ఆ గంట మాది కాదుగా."

అది అన్నప్పుడు హాల్లో ఎవరూ ఎవరినీ చూడలేదు. అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

"సరే, న్యాయంగానే పోదాం" అన్నాడు హిన్రిక్. "ఈవిడ పలికినట్టు విన్నవాళ్ళు ఎవరైనా ఉంటే లేచి చెప్పండి."

విన్నానంటే రిసీవరు ఎత్తినట్టే. ఎత్తానంటే పెట్టమన్నా పెట్టనట్టే. మర్టిల్‌కి సాక్షులు హాలు నిండా ఉన్నారు, ఒక్కరూ లేవలేదు. ట్రీంటియా ఒళ్ళో ఎన్నో పిల్ల నిద్రపోతోంది. హార్మ్ పెళ్ళాం చేతిమీద చెయ్యి వేసి నొక్కాడు. ఆల్వీనా ఎన్నోకేసి చూసింది. అతను వద్దన్నట్టు తల అడ్డంగా తిప్పాడు. మర్టిల్‌కేసి చూసింది. మర్టిల్ ఎవరినీ చూడటంలేదు. ఇక్కడ తన పని అయిపోయినట్టు చేతి తొడుగులు తొడుక్కుంటోంది. అది చూసి ఉండబట్టలేక ఆల్వీనా లేచింది.

"పలికింది" అంది. "పెట్టేయమంది. నేను విన్నాను, పెట్టలేదు. తర్వాత రిసీవరు వేలాడేసి వెళ్ళిపోయాను. నేనే."

"ఆల్వీనా, కూర్చో" అన్నాడు హిన్రిక్, మెత్తగా, మా భాషలో. "గేషె పోయిందగ్గర్నుంచీ నీకు ఒంట్లో బాగోలేదు."

"ఒళ్ళు బానే ఉంది. చెవులు ఇంకా బావున్నాయి. మీ నాన్న దగ్గు కూడా విన్నాను."

ఒక్కరూ నవ్వలేదు. ట్రీంటియా తలవంచుకుని ఏడ్చింది. ఇంకెవరైనా లేస్తారేమోనని ఆల్వీనా నిలబడే ఉంది. ఎవరూ లేవలేదు. చివరికి హిన్రిక్ గొంతు సవరించుకుని, ఈ ఏడు స్తంభాలకి తారు పూయించే సంగతి చూద్దామన్నాడు. మర్టిల్‌ని తీసేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎన్నో టోపీ తీసుకుని, ట్రీంటియా ఒళ్ళోంచి పిల్లని ఎత్తుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆల్వీనా మీద ఊరికి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. విన్నందుకు కాదు, అన్నందుకు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. కుట్టుపని కూటమిలో ఆమె పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. మర్టిల్ వచ్చి కృతజ్ఞతలేమీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

ఎన్నో ఇంటికి వంటలు వెళ్తూనే ఉన్నాయి. కాకపోతే తెచ్చినవాళ్ళు గుమ్మంలో పెట్టి, నేల చూపులు చూస్తూ తిరిగిపోయేవారు. ట్రీంటియా పాలివ్వడానికి వెళ్ళి, ఇచ్చినంతసేపూ ఏడ్చేది. అతను ఆమెను ఓదార్చలేడు, తిట్టలేడు. ఒకరోజు గోడమీద ఫోను ఊడదీసి పాకలో పడేశాడు.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక మిట్టమధ్యాహ్నం అతను ఆల్వీనా ఇంటికి వచ్చాడు. హార్మ్ పశువుల పాకలో ఉన్నాడు.

"ఒక ఫోను చేసుకోవాలి వదినా. డకోటాలో మా తమ్ముడికి."

మార్చి ఒకటి మా వైపు రైతులు ఇళ్ళూ పొలాలూ మారే రోజు. ఎందుకో అడగక్కర్లేకపోయింది.

"అక్కడ పిల్లకి పాలు?" అంది ఆల్వీనా.

"మరదలు ఉంది. ఆవు పాలు పడుతుందట."

"ఎన్నో, నా వల్ల..."

"చెప్పొద్దన్నాను గదా" అన్నాడు అతను. అందులో కోపం కూడా లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

అతను పిడి తిప్పాడు. ఒకటే పొడుగు గంట. వాగుకు ఉత్తరాన ప్రతి ఇంట్లోనూ అది మోగే ఉంటుంది. రిసీవరు చెవికి పెట్టుకుని ఎన్నో ఆగాడు. ఒక్కొక్కరే ఎత్తుతున్నప్పుడు వచ్చే టక్కు టక్కుమనే చప్పుడు కోసం ఆల్వీనా కూడా పొయ్యి దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. ఏమీ రాలేదు.

"సెంట్రల్" అంది మర్టిల్. ఆ మాట గదికి ఇవతలున్న ఆల్వీనాకి కూడా వినబడింది.

ఎన్నో ఊరు పేరు చెప్పాడు. అటునుంచి తమ్ముడు పలకగానే అలవాటుకొద్దీ పెద్దగా అరవబోయి, సగంలో గొంతు తగ్గించుకున్నాడు. ఒకటో తారీఖున వస్తున్నాననీ, గుర్రాలు హార్మ్‌కి ఇచ్చేస్తున్నాననీ, పిల్లకి ఊయల ఒకటి చూసి ఉంచమనీ పక్కన కూర్చున్న మనిషితో చెప్పినట్టు చెప్పాడు. తమ్ముడు ఏదీ రెండోసారి అడగలేదు. మాట అయ్యాక రిసీవరు కొక్కేనికి నెమ్మదిగా తగిలించి, దాని మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

"ఒక్కళ్ళు కూడా ఎత్తలేదు" అన్నాడు.

"లేదు" అంది ఆల్వీనా.

"ఇంత బాగా వినబడుద్దన్నమాట ఇది" అన్నాడు ఎన్నో.